నొప్పిని అడిగే నేర్పు
ఆస్ట్రేలియా సైకాలజిస్టు మైకేల్ నికొలస్ తయారుచేసిన ప్రశ్నావళిలో ఉన్నవి పదే వాక్యాలు. నొప్పి ఉన్నా ఫలానా పని చేసుకోగలనన్న నమ్మకానికి 0 నుంచి 6 దాకా మార్కు వేసుకోవాలి, మొత్తం 60. దాన్ని, నెలసరి నొప్పిని తీవ్రం చేసే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉన్న ఆడవాళ్ల కోసం మరో భాషలోకి తెచ్చేవాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తెలుగులోనే చూడండి: నమ్మకమనాలా, ధీమా అనాలా, ధైర్యమనాలా? నెలనెలా పంటి బిగువున అంట్లు తోమిన మనిషికి ధైర్యమంటే ఓర్చుకోవడమే. అడుగుతున్నది ఓర్పు గురించి కాదు. అందుకే ఒకరు అనువదిస్తే, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. కొన్నాళ్లకు అదే కాగితం మళ్లీ ఇచ్చి, పరిస్థితి మారనివాళ్లలో మార్కు నిలబడుతోందా అని చూస్తారు. వీటన్నిటికంటే నాకిష్టమైన ఘట్టం వేరు. రోగి పక్కన కూర్చుని, "ఈ మాట మీకెలా అర్థమైందమ్మా?" అని అడగడం. "నెలసరి రోజుల్లోనా, మామూలప్పుడా?" అని ఆమె ఎదురడిగితే, ఆ వాక్యం దగ్గర మళ్లీ ఆగుతారు.