నీటికలుపు నివారణ: పాఠము విడిచిన సంగతులు

చెరువులలో పెరుగు కలుపుమొక్కలను నివారించుటకు మూడు మార్గములు కలవని విద్యార్థులకు సాధారణముగా బోధింతురు. చేతులతోగాని యంత్రములతోగాని తీసివేయుట మొదటిది. మందులు చల్లి చంపుట రెండవది. కలుపును తిను జీవులను వదలుట మూడవది. మొదటిది ఖర్చుతో కూడినది, రెండవది నీటికి హానికరము, మూడవది శ్రేష్ఠము అని చెప్పి పాఠమును ముగింతురు. పరీక్షకు ఈ సమాధానము చాలును గాని చెరువుకు చాలదు. మూడవ మార్గము ఎప్పుడు ఫలించును, ఎప్పుడు విఫలమగును అను ప్రశ్నయే అందులో లేదు. ఈ లోపము ఎంత పెద్దదో సాల్వీనియా చరిత్రను చూచినచో తెలియును.

సాల్వీనియా నీటిపై తేలుచు పెరుగు ఒక ఫెర్ను మొక్క. దానికి పూవులు లేవు, కాయలు లేవు, వేళ్లు సైతము లేవు. వేళ్లవలె నీటిలో వ్రేలాడునవి నిజమునకు రూపము మారిన ఆకులు. మొక్కనుండి చిన్న ముక్క తెగి వేరైనను అది మరియొక మొక్క యగును. అనుకూలమైన నీటిలో కొలది దినములలోనే దాని పరిమాణము రెట్టింపగును. ఇది 1939లో నాటి సింహళమునకు, నేటి శ్రీలంకకు, చేరినది. కొలంబోలోని విశ్వవిద్యాలయ కళాశాలవారు వృక్షశాస్త్ర బోధనకై దీనిని తెప్పించిరి. తరగతి గది దాటిన ఈ మొక్క వరిపొలములను, కాలువలను ఆక్రమించెను. ఆఫ్రికాలో జాంబెసీ నదికి అడ్డముగా కట్టిన కరీబా ఆనకట్ట వెనుక 1958 చివరినుండి నీరు నిలువసాగెను. 1962 నాటికి ఆ సరస్సులో సుమారు 1,000 చదరపు కిలోమీటర్లు సాల్వీనియా చాప క్రిందికి పోయినవి. కేరళలో దీనిని ‘ఆఫ్రికన్ పాయల్’ అందురు. కుట్టనాడు కాలువలలో పడవలు కదలలేదు. రైతులు నాట్లకు ముందే కూలి ఇచ్చి పొలములలోని కలుపును ఎత్తించవలసి వచ్చెను.

ఈ మొక్కకు సహజ శత్రువులను వెదకుట 1960 దశకము ఆరంభముననే మొదలైనది. శాస్త్రజ్ఞులు దీనిని సాల్వీనియా ఆరిక్యులేటా అను జాతిగా గుర్తించి, ఆ జాతి పెరుగు ట్రినిడాడు, దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతములలో వెదకిరి. అచ్చట ఒక మిడత, ఒక చిమ్మట, ఒక ముక్కుపురుగు దొరకినవి. వానిని వేరువేరు దేశములలో వదలిరి. కలుపు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పురుగులలో లోపమున్నదని కొందరు తలచుట సహజమే. కాని తప్పు పురుగులది కాదు, మొక్కకు పెట్టిన పేరులో ఉన్నది.

1972లో మిచెల్ అను శాస్త్రజ్ఞుడు ఈ కలుపు ఆరిక్యులేటా కాదని, వేరొక జాతి యని నిరూపించి, సాల్వీనియా మోలెస్టా అని పేరు పెట్టెను. లాటిను భాషలో ‘మోలెస్టా’ అనగా బాధ పెట్టునది. పేరు మారగానే ప్రశ్నయు మారెను. ఈ జాతి జన్మస్థానమెక్కడ? 1978లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆగ్నేయ బ్రెజిలులో దానిని కనుగొనిరి. అచ్చట దానిని తినుచున్న ముక్కుపురుగును తెచ్చి, 1980 జూనులో క్వీన్స్‌లాండులోని మూండారా సరస్సులో వదలిరి. పొడవు రెండు మిల్లీమీటర్లకు మించని పురుగు అది. పెద్ద పురుగులు మొగ్గలను తినగా, పిల్లపురుగులు కాండమును తొలిచినవి. పదునాలుగు నెలలు నిండక ముందే 200 హెక్టారులపై పరచుకొన్న సుమారు 18,000 టన్నుల కలుపు నశించెను. తరువాత 1985లో మరియొక సంగతి తేలినది. ఈ పురుగు కూడ వెనుకటి ముక్కుపురుగు కాదు, శాస్త్రమునకు అంతవరకు తెలియని కొత్త జాతి! మొక్క పేరు, పురుగు పేరు రెండును తప్పే.

జీవులకు పేర్లు పెట్టి వర్గీకరించు శాస్త్రమును కంఠస్థము చేయవలసిన నీరస విషయముగా చూచుట పాఠశాలలలో సర్వసాధారణము. ఒక పేరు తప్పినందువలన పది సంవత్సరములకు పైగా శ్రమ ఎట్లు వ్యర్థమైనదో ఈ కథ చెప్పును. వర్గీకరణ పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అయితే సరియైన పురుగు దొరకిన మాత్రమున పని పూర్తియగునా? పపువా న్యూగినీలోని సెపిక్ నదీ ప్రాంతమున అదే పురుగును వదలగా మొదట అది నిలువలేదు. అచ్చటి మొక్కలలో నత్రజని తక్కువ. అట్టి మొక్కలను తిన్న పురుగు వృద్ధి చెందలేదు. పరిశోధకులు కొంత కలుపుపై యూరియా చల్లిరి. కలుపును చంపుటకు కలుపుకే ఎరువు వేయుట వింతగా తోచవచ్చును. కాని మొక్కలు బలపడగానే పురుగులు వృద్ధి చెంది, పిదప కలుపును తుడిచిపెట్టినవి. కరీబాలో ఇందుకు వ్యతిరేకముగా జరిగెను. కొత్త సరస్సు నీటిలో మొదట సమృద్ధిగా నున్న పోషకములు క్రమముగా తగ్గుటతో కలుపు చాపయు కుదించుకొనిపోయెను. నీటిలో కరగిన పోషకముల లెక్క తెలియనిదే కలుపు లెక్క తెలియదు.

మన దేశమున ఈ ముక్కుపురుగును 1983లో వదలిరి. బెంగుళూరులో ఒక కలువకొలను పదునొకండు నెలలలో బాగుపడెను. కేరళలో మూడు నాలుగేండ్లలో మూతబడిన కాలువలలో పడవలు తిరిగి నడచెను. ఇది గొప్ప విజయమే. దీనిని చూపి, ఇతర కలుపులకును ఇదే మందు అనుట మాత్రము పొరపాటు.

తెలుగువారి చెరువులను పీడించు గుర్రపు డెక్కనే చూడుడు. దానిని తిను రెండు ముక్కుపురుగుల జాతులను కూడ 1983 మొదలుకొని మన దేశమున వదలిరి. బెంగుళూరు ప్రాంతపు కొన్ని చెరువులలో అవి డెక్కను అణచినవి. కాని సాల్వీనియా మోలెస్టాకు మొలకెత్తు సిద్ధబీజములు లేవు. డెక్కకు విత్తనములు కలవు. అవి బురదలో ఏండ్ల తరబడి జీవించి యుండును. వేసవిలో చెరువు ఎండిన మొక్కతోపాటు పురుగులు నశించును, తొలకరి నీటికి విత్తనములు మరల మొలకెత్తును. మురుగునీరు చేరు హైదరాబాదు చెరువులలోను, పొలముల ఎరువులను మోసికొనివచ్చు మురుగుకాలువలు కలియు కొల్లేటిలోను డెక్కకు ఆహారపు కొరత లేదు. పురుగు తినిన దానికంటె మొక్క పెరుగునది ఎక్కువ కావచ్చును. యంత్రముతో తీసిన డెక్కను గట్టుమీదనే కుళ్లనిచ్చినను, వానతో ఆ సారము తిరిగి చెరువునకే చేరును.

కాబట్టి జీవనియంత్రణ శ్రేష్ఠమను పాఠము అబద్ధము కాదు, అసంపూర్ణము. మూడు మార్గములను వరుసగా చెప్పుటకు ముందు ఉపాధ్యాయులు విద్యార్థులను ఊరి చెరువు గట్టునకు తీసికొనిపోయి నాలుగు ప్రశ్నలు వేయవచ్చును. ఈ మొక్క సరియైన పేరేమి? దీని జన్మస్థానమెక్కడ? ఇది విత్తనముతో పెరుగునా, ముక్కలతో పెరుగునా? ఈ చెరువులోనికి వచ్చు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? నాలుగవ ప్రశ్నకు సమాధానము వెదకుచు కాలువ వెంట నడచిన పిల్లలు ఏ మురుగు తూము దగ్గరనో, ఏ పొలము గట్టు దగ్గరనో ఆగుదురు. చెరువునకు చేయవలసిన చికిత్స అక్కడ మొదలగును.