రెక్కలున్న కారు

కొల్లేటి చేపను చేతబట్టి చూచిన విద్యార్థికి దాని తోకరెక్క ఎందులకో వేరుగా చెప్పనక్కరలేదు. నీటిని వెనుకకు నెట్టి చేపను ముందుకు నడుపునది అదియే. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటి విమానముల రన్‌వే ఒకటి కలదు. అట్టి రన్‌వేల నుండి లేచు విమానమునకు కూడ తోకపై నిటారుగా రెక్క ఉండును. విమానపు ముక్కు పక్కకు తిరిగినప్పుడు గాలి ఆ రెక్కను నెట్టి, విమానమును మరల దారికి తెచ్చును. మూడవ రెక్క మరియొకటి కలదు. అది అమెరికాలో తయారైన పెద్ద విలాసపు కార్ల వెనుక భాగమున ఉండెడిది. దాని పని ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము దొరికినచో ఆ కార్ల మంచిచెడ్డలు కూడ తెలియును.

1948లో జనరల్ మోటార్సు కంపెనీ తన కాడిలాక్ కారునకు తొలిసారిగా తోకరెక్కలు పెట్టెను. ఆ కంపెనీ రూపకల్పన శాఖకు పెద్ద హార్లీ ఎర్ల్. లాక్‌హీడ్ పి-38 అను యుద్ధవిమానపు జంట తోకలను చూచి అతని బృందమునకు ఈ ఊహ కలిగినది. మొదట చిన్న బొడిపెలుగా నున్న రెక్కలు క్రమముగా పెరిగి 1959 నమూనాలో అన్నిటికంటె ఎత్తైనవి. ఒక్కొక్క రెక్కకు తుపాకి గుండ్లవంటి రెండేసి ఎర్రదీపములు. ఆ కారు పొడవు 225 అంగుళములు, అనగా సుమారు 5.7 మీటర్లు. వెడల్పు 2 మీటర్లకు పైన. బరువు 2,200 కిలోగ్రాముల ప్రాంతము. ఇంజను పరిమాణము 6.4 లీటర్లు, శక్తి 325 అశ్వశక్తి. మన దేశమున 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు పొడవు 4.3 మీటర్లు మాత్రమే. బరువు కాడిలాక్‌లో దాదాపు సగము. తొలినాళ్లలో దాని ఇంజను 1.5 లీటర్లు.

గాలి ఒక రెక్కపై చూపు బలము వేగముయొక్క వర్గమును బట్టి మారును. పి-38 విమానము గంటకు 640 కిలోమీటర్ల ప్రాంతపు వేగముతో పోగలిగెడిది. కారు వేగము 80 కిలోమీటర్లు అనుకొన్నచో, అది విమాన వేగములో ఎనిమిదవ వంతు. కనుక అంతే వైశాల్యము గల రెక్కపై గాలి బలము అరువదినాలుగవ వంతు మాత్రమే. చేప నెమ్మదిగా ఈదినను దాని చిన్నరెక్క చాలుటకు కారణము వేరు: నీటి సాంద్రత గాలి సాంద్రతకు దాదాపు 800 రెట్లు. పైగా, విమానమునకు గాలియే ఆధారము; కారును దారిలో నిలుపునది టైర్లకు, నేలకు నడుమ గల ఘర్షణ.

రెక్కలవలన అడ్డగాలిలో కారు స్థిరముగా నడచునని క్రిస్లరు కంపెనీ 1950 దశకమున ప్రచారము చేసెను. అతివేగమున కొంత ఫలితము ఉండవచ్చును. కాని రెక్కలు పెరుగుటకు కారణము గాలి కాదు, అంగడి. నిరుటి కారు పాతదిగా కనబడిననే గాని కొత్తది అమ్ముడుపోదు.

ఇట్టి కారును కొల్లేటి గట్టుపై నడిపినట్లు ఊహించిన దాని లోపములు తేటపడును. ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు మధ్య దూరము 130 అంగుళములు. ఈ దూరము పెరిగినకొలది మలుపు తిరుగుటకు ఎక్కువ చోటు కావలెను. వెనుక చక్రములను దాటి తోక చాల దూరము సాగియుండును. గట్టు నుండి ఊరిలోనికి వాలుగా దిగి చదునునకు వచ్చునప్పుడు ఆ తోక వాలునకు రాచుకొనును. ఇక బరువు సంగతి. ఒకే వేగముతో పోవు రెండు కార్లలో ఒకదాని బరువు రెట్టింపైనచో, దానిని ఆపుటకు బ్రేకులు రెట్టింపు శక్తిని వేడిగా మార్చవలెను. 1959 కాడిలాక్‌కు ఉన్నవి డ్రమ్ము బ్రేకులే. మిక్కిలి వేడెక్కిన వాటి పట్టు తగ్గును. గట్టుపై గేదెల మంద ఎదురైనప్పుడు కావలసినది రెక్క కాదు, బ్రేకు. వాడియైన రెక్కలు పాదచారులను గాయపరచుటను గూర్చి రాల్ఫ్ నేడర్ 1965లో ప్రచురించిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అను గ్రంథమున చర్చించెను.

అయినను ఈ కార్లన్నియు ఒట్టి ఆడంబరములని త్రోసివేయుట న్యాయము కాదు. పూర్వము ఇంజనును చేతి హ్యాండిలుతో తిప్పవలసి వచ్చెడిది. అది ఎదురుతన్నిన మణికట్టు విరిగెడిది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 కాడిలాక్‌లో వచ్చి ఆ బాధను తప్పించెను. కారులోని గాలిని చల్లబరచు సాధనము 1940 నమూనా ప్యాకార్డులోను, పవరు స్టీరింగు 1951 క్రిస్లరు ఇంపీరియలులోను వచ్చినవి. నాడు ధనికుల సొత్తైన ఈ సౌకర్యములు నేడు ఏలూరు వీధులలో తిరుగు చిన్న కార్లలోను ఉన్నవి. రెక్కలు మాత్రము 1960 నుండి తగ్గి, ఆ దశకపు మధ్యకు దాదాపు మాయమైనవి.

పరిమాణపు మోజు అంత త్వరగా తీరలేదు. 1970లో కాడిలాక్ ఎల్డొరాడో ఇంజను 8.2 లీటర్లకు పెరిగెను. 1973లో చమురు కొరత వచ్చినది. 1975లో అమెరికా ప్రభుత్వము ఇంధనపు పొదుపునకు చట్టము చేసెను. 1977 నమూనాలలో జనరల్ మోటార్సు తన పెద్ద కార్లను స్వయముగా కుదించెను.

యంత్రమును చూచి ముచ్చటపడు విద్యార్థికి ఉపాధ్యాయులు ఒక పరీక్ష నేర్పవచ్చును. ఏ భాగమునైనను మనస్సులోనే తీసివేసి, మిగిలినది తన పని చేయునా అని అడుగవలెను. తోకరెక్క లేనిదే చేప సరిగా ఈదలేదు. కొల్లేటి జాలరి తాటిదోనెలో తీసివేయదగిన భాగము ఒక్కటియు లేదు. స్టార్టరు లేనిదే కారు మరల చేతి హ్యాండిలును కోరును. 1959 కాడిలాక్ రెక్కలను తీసివేసినచో ఎర్రదీపములకు వేరొక చోటు వెదుకవలెను. అంతకు మించి ఆ కారునకు కలుగు లోటు స్వల్పము.