మర్ఫా మోత, దక్ఖనీ మాట: ‘సంస్కృతికి స్పందించే బోధన’పై ఒక విమర్శ

బడికి దూరమైన పిల్లల కోసం నడిచే ప్రత్యామ్నాయ పాఠశాలల చర్చల్లో ‘సంస్కృతికి స్పందించే బోధన’ ఒక ఆకర్షణీయమైన భావన. ఆఫ్రికన్ అమెరికన్ పిల్లలు బాగా చదువుకుంటున్న తరగతులను పరిశీలించిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో దీనికి సన్నిహితమైన సిద్ధాంతాన్ని ప్రతిపాదిస్తూ మూడు గీటురాళ్లు నిర్దేశించారు: చదువులో విజయం, సొంత సంస్కృతిపై పట్టు, సామాజిక విమర్శనా దృష్టి. మన అన్వయంలో రెండవది మాత్రమే, అదీ వేదికపై ప్రదర్శనగా, మిగిలే ప్రమాదం ఉంది.

హైదరాబాదు సిద్దీలనే తీసుకుందాం. వీరి పూర్వీకులు పనిచేసిన నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం పేరు మాసబ్ ట్యాంక్ సమీపాన ఏ.సి. గార్డ్స్‌గా నిలిచింది. వీరినీ, పాతబస్తీ బార్కస్‌లోని హద్రమీ అరబ్బు సంతతినీ మర్ఫా వాద్యం కలుపుతుంది. పెళ్లి ఊరేగింపుల్లో ఆ మోత నగరమంతటికీ పరిచితమే. అయితే వార్షికోత్సవంలో మర్ఫా వాయింపజేసి, మరునాడు ఆ పిల్లల మాటను తప్పుగా కొట్టివేసే బడి వారి సంస్కృతికి స్పందించినట్టు కాదు.

అసలు పరీక్ష భాష దగ్గరే ఉంది. ఇంట్లో దక్ఖనీ, పుస్తకంలో ప్రామాణిక ఉర్దూ, పక్కనే తెలుగు. పిల్లవాడు ‘మేరేకు’ అన్నప్పుడు ‘ముఝే’ అని దిద్ది ఊరుకోవచ్చు. లేదా ఆ రెంటి పక్కన ‘నాకు’ అని రాసి, ‘కు’ ప్రత్యయం చేసే పనిని చూపవచ్చు. అప్పుడు తన ఇంటి మాటే తెలుగు వ్యాకరణానికి తోవ అవుతుంది. బోధన వీలైనంతవరకు మాతృభాషలో సాగాలన్న 2009 విద్యాహక్కు చట్టం ఆశయానికి ఇదే సార్థకత.

మూడవ గీటురాయి మరింత కఠినమైనది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రూపొందించిన బి.సి.-ఇ జాబితాలో సిద్దీలు ఉన్నారు, అరబ్బులను మినహాయించారు. కర్ణాటకలో సిద్దీలు 2003 నుండి షెడ్యూల్డు తెగ. ఒకే వాద్యం మోగించేవారు రెండు వర్గాలెందుకయ్యారు? సరిహద్దు దాటితే ఒకే జనం పేరు ఎందుకు మారింది? ఈ ప్రశ్నలకు చోటివ్వని తరగతి సంస్కృతిని అలంకారంగానే చూస్తుంది.

ఇక మొదటి గీటురాయి మరవరానిది. ఆ పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు నేర్చి పదవ తరగతి దాటకపోతే, గౌరవంగా పలికిన సంస్కృతి వారికి మరో నష్టమే.