మలుపుకు ముందే పగ్గం

చిన్నప్పుడు వేసవి సెలవులకు తెనాలి స్టేషన్లో దిగితే అమ్మమ్మగారింటికి జట్కాలోనే వెళ్లేవాళ్లం. బండిలో పచ్చగడ్డి పరిచి, దాని మీద గోనెపట్టా వేసి ఉండేది. బండి తోలే సాయిబుగారు ముందు "ఎక్కడికమ్మా?" అని అడిగేవాడు. తర్వాత ఒకరిని ముందుకి, ఒకరిని వెనక్కి జరిపి బరువు సరిచూసుకునేవాడు. ముందు కూర్చోవడానికి నేనూ చెల్లీ ప్రతిసారీ పోట్లాటే. ఆయన చేతిలో కమ్చీ ఉండేది గాని, దానితో గుర్రాన్ని కొట్టగా నేను చూడలేదు. దాని కర్రని తిరుగుతున్న చక్రం ఆకులకి ఆనించేవాడు. టకటకమని చప్పుడయ్యేది. ఆ చప్పుడికే గుర్రం నడక మార్చేది.

ఒకసారి నేను ముందు కూర్చున్నప్పుడు అడిగాను: "మలుపు ఇంకా రాలేదుగా తాతా, ఇప్పుడే పగ్గం లాగుతున్నావేం?"

"మలుపులోకి వచ్చాక లాగితే బండి పడుద్ది బుజ్జమ్మా. ముందుగాలే దానికి చెప్పాల" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత కఠోపనిషత్తు చదువుతూ, మొదటి అధ్యాయం మూడో వల్లి దగ్గర ఈ మాట గుర్తొచ్చి పుస్తకం మూసి కూర్చున్నాను. యముడు నచికేతుడికి ఒక రథాన్ని చూపించే చోటు అది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, అవి పరుగెత్తే దారులు ఈ లోకంలోని విషయాలు, లోపల కూర్చున్న యజమాని ఆత్మ. మరి మనసేమిటి? గుర్రం లాంటిదని మనమంతా అలవాటుగా అనేస్తాం. యముడు అలా అనలేదు. మనసు పగ్గమట. ఆ పగ్గాన్ని పట్టుకునే సారథి బుద్ధి. అంతవరకు మనసుని లొంగదీయాల్సిన శత్రువుగానే చూశాను. దాన్ని తిట్టాను, ఉపవాసాలతో మాడ్చాను. పగ్గాన్ని కొట్టేవాళ్లు ఎవరుంటారు? తెంచేస్తే బండికి గతేమిటి? పగ్గాన్ని చేతిలోకి తీసుకోవాలి, అంతే. అది వదులుగా ఉందంటే తప్పు పట్టవలసింది చేతిని.

మన పెద్దలు మనసుకీ బుద్ధికీ మధ్య గీసిన గీత చాలా స్పష్టమైనది. వేదాంత గ్రంథాల్లో అంతఃకరణం ఒకటే, పనిని బట్టి పేర్లు నాలుగు. అవునా కాదా, చేద్దామా వద్దా అని ఊగుతున్నప్పుడు మనసు. ఇది ఇంతే అని తేల్చినప్పుడు బుద్ధి. జ్ఞాపకాలు దాచుకున్నప్పుడు చిత్తం. నేను, నాది అన్నప్పుడు అహంకారం. ఈ తేడా సంస్కృతం చదువుకున్నవాళ్లకే తెలిసింది కాదు, మన ఇళ్లలో మాటల్లోనే ఉంది. మనసు లాగుతుంది, పడుతుంది, విరుగుతుంది, కరుగుతుంది, ముక్కలవుతుంది. బుద్ధిని మాత్రం తెచ్చుకుంటాం, నేర్చుకుంటాం, ఒకరికి చెబుతాం. మనసు తనంతట తానే నడుస్తుందనీ, బుద్ధిని సంపాదించుకోవాలనీ మన భాషకి ముందే తెలుసు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత ఉంది నిజమే, కానీ అక్కడ బుద్ధి అంటే స్వభావం, గుణం. తేల్చి చెప్పే బుద్ధి వేరు.

అయితే సారథి కూర్చున్నంత మాత్రాన బండి సరిగ్గా నడవదు. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, మా ఇంట్లోనే తెలిసింది.

అమ్మ చివరి నాలుగేళ్లు నా దగ్గరే ఉంది. ఆవిడ సంవత్సరీకం రోజున, భోజనాలయ్యాక, విస్తళ్లు తీస్తూ చెల్లి ఒక మాట అంది. "చివరిదాకా అమ్మ దగ్గరున్నది నువ్వే కదక్కా, ఆ గొలుసు సంగతి నీకే తెలియాలి." అమ్మ మెళ్లో ఎప్పుడూ ఉండే రెండు పేటల గొలుసు ఆసుపత్రికి తీసుకెళ్లినప్పటి గందరగోళంలో కనబడకుండా పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. చెల్లి మాట అక్కడితో ఆగింది. నాలో మాత్రం నెలల తరబడి ఆగలేదు. స్నానం చేస్తున్నా అదే, కూర తరుగుతున్నా అదే, విష్ణు సహస్రనామం చదువుతూ మధ్యలో ఆగి కూడా అదే.

ఆ నెలల్లో నా బుద్ధి నిద్రపోలేదు. చాలా చురుగ్గా పనిచేసింది. ఏ తారీఖున ఆసుపత్రిలో ఎంత కట్టానో గుర్తుచేసింది, చెల్లి రాని పండగల్ని లెక్కపెట్టింది, ముప్పై ఏళ్ల కిందట తను అన్న మాటలు తవ్వి తీసి వరసలో పెట్టింది. న్యాయం చెప్పే కుర్చీలోంచి దిగి, మనసు తరఫున ప్లీడరు కోటు తొడుక్కుంది. నేను దాన్ని ఆలోచన అనుకున్నాను, విచారణ అనుకున్నాను. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు బుద్ధిని మూడు రకాలుగా విడదీసి, మూడోదాని గురించి చెబుతాడు. అధర్మాన్నే ధర్మమనుకుని, అన్నిటినీ తలకిందులుగా చూసే బుద్ధి అది. ఎన్నోసార్లు చదివాను, ఎవరో దుర్మార్గుల గురించి అనుకున్నాను. ఆ ఏడాది చదివినప్పుడు చేతిలో పుస్తకం బరువెక్కింది.

మనసుని బుద్ధితో జయించాలని తేలిగ్గా అనేస్తాం. తెలివైనవాళ్లకి ఇది ఇంకా కష్టం. మనసు కోరినదానికి కారణాలు వెతికిపెట్టడంలో తెలివి ఎంతో సాయం చేస్తుంది. అందుకే ముందు బుద్ధిని శుద్ధి చేసుకోవాలంటారు. గాయత్రిలో విశ్వామిత్రుడు సవితను అడిగింది ధనం కాదు, ఆయుష్షు కాదు, మా బుద్ధుల్ని ప్రేరేపించమని. సారథికే దారి కనబడటం లేదు, వెలుగు కావాలి అని ఒప్పుకోవడం అందులో ఉంది.

ఆ వెలుగులో చూసిందే గీత రెండో అధ్యాయంలోని నిచ్చెన. ఒకదాన్నే తలుచుకుంటూ ఉంటే దాని మీద ఆసక్తి, ఆసక్తి నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, తర్వాత జ్ఞాపకం చెదరడం, ఆ తర్వాత బుద్ధి నశించడం. దీన్ని ఎప్పుడూ కోపం గురించిన పాఠంగానే వినేదాన్ని. మెట్లు లెక్కపెట్టి చూస్తే నాకు వేరే సంగతి అర్థమైంది. కోపం మధ్యలో వస్తుంది. అప్పటికే సగం దిగిపోయాం. కోపం వచ్చాక బుద్ధిని పిలవడమంటే మలుపులోకి వెళ్లాక పగ్గం లాగడమే. బుద్ధికి బలం ఉండేది మొదటి మెట్టు మీద. ఒక మాట వచ్చి తగిలింది, దాన్ని మళ్లీ తలుచుకుందామా వద్దా అన్న ఆ చిన్న చోటులో.

ఆ చోటు నాకు కనబడేది కాదు. కనబడటానికి ఒక పని మొదలుపెట్టాను. తెల్లవారుజామున, దీపం పెట్టాక, ఎవరూ లేవకముందు ఒక నోటుబుక్కు తెరుస్తాను. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు 'విన్నది', కుడివైపు 'అల్లినది'. మొదటిరోజు ఎడమవైపు చెల్లి అన్న వాక్యం ఒక్కటే వచ్చింది. కుడివైపు నాలుగు పేజీలు. 'నన్ను దొంగ అంది' అని కుడివైపు మొదట రాశాను. రాశాక ఎడమవైపు చూశాను. ఆ మాట అక్కడ లేదు. బుద్ధి తన కుర్చీలోకి తిరిగివెళ్లడం నేను మొదటిసారి చూసింది ఆ ఉదయమే. ఏ వాదనా లేదు, ఏ ఓదార్పూ లేదు. ఇది ఉంది, ఇది లేదు అని తేల్చింది, అంతే.

బాధ పోయిందా అంటే పోలేదు. మర్నాడు మళ్లీ అదే పాట. అర్జునుడంతటివాడు ఆరో అధ్యాయంలో మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టమని చేతులెత్తేస్తాడు. కృష్ణుడు అతన్ని తప్పుపట్టడు, నిజమే కష్టమంటాడు. అభ్యాసం, వైరాగ్యం అని రెండే రెండు మాటలు చెబుతాడు. నాకు అంతకన్నా ఇష్టమైనది దానికి కొంచెం ముందున్న మాట. ధైర్యంతో పట్టి ఉంచిన బుద్ధితో, మెల్లమెల్లగా. మనసు ఎటు పోతే అటునుంచి వెనక్కి తేవాలి. పోయినందుకు శిక్ష వేయమని అక్కడ ఎక్కడా లేదు. గోడ దూకిన దూడని తోలుకొచ్చినట్టు తోలుకురావడమే, రోజుకి నలభైసార్లయినా సరే. మన త్యాగరాజస్వామి కీర్తనలు ఎన్నో 'మనసా' అన్న పిలుపుతో మొదలవుతాయి. బతిమాలతాడు, మందలిస్తాడు, దానితో కష్టసుఖాలు చెప్పుకుంటాడు, గెంటేయడు. మనసుని పేరుపెట్టి పిలవగలిగినవాడు అప్పటికే దానికి ఒక అడుగు దూరంలో నిలబడి ఉన్నాడని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఘంటసాలగారు తన చివరి రోజుల్లో పాడి ఇచ్చిన భగవద్గీత ఏ ఇంట్లోంచి వినిపించినా మన ఊళ్లలో ఎవరు పోయారోనని వీధిలోకి తొంగిచూస్తాం. ఆ మాటలు శవం పక్కన చెప్పినవి కావు. ధనుస్సు జారిపోతున్న ఒక బతికున్న మనిషికి, మలుపుకు ముందు చెప్పినవి. చెప్పినవాడు కూర్చున్నదీ సారథి స్థానంలోనే. పొద్దున్న పాలవాడు వచ్చే వేళకి మన వంటింట్లో వినబడవలసినవి అవి.

బుద్ధి పైన కూడా ఒకడున్నాడని గీత మూడో అధ్యాయం చెబుతుంది. ఇంద్రియాల కన్నా మనసు పైది, మనసు కన్నా బుద్ధి, బుద్ధికీ పైన ఆత్మ. సాయిబుగారు పగ్గాలు పట్టేముందు "ఎక్కడికమ్మా?" అని అడిగేవాడు కదా, ఊరంతా తెలిసినా, దారి తనే తోలాల్సినా. నోటుబుక్కు మూసేముందు నేనూ ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను. ఎక్కడికి వెళ్లాలి? చెల్లి మీద గెలవడానికా, చెల్లి దగ్గరికా? ఆ రోజు ఫోన్ వస్తే ఎలా మాట్లాడాలో అప్పుడే, ఫోన్ రాకముందే అనుకుంటాను.

పోయిన ఆదివారం చెల్లి ఫోన్ వచ్చింది. కుశల ప్రశ్నలయ్యాక కొంచెం ఆగి, "అక్కా, అమ్మ గొలుసు..." అంది. గుండెల్లో వేడి పుట్టింది. ప్లీడరు లేచి నిలబడ్డాడు, కాగితాలు సర్దుకుంటున్నాడు. పొద్దున్న అనుకున్న మాటే గట్టిగా పట్టుకున్నాను.

"అడగవే, ఏం అడగాలో అడుగు."

"అది వేసుకున్న ఫొటో నీ దగ్గర ఏదైనా ఉందా? నా దగ్గర ఒక్కటీ లేదు."

వెంటనే మాట రాలేదు. అటక మీద ట్రంకు పెట్టెలో ఉండాలి, సాయంత్రం దింపిస్తాను అన్నాను.