వంద మంది పోలీసులు, ఒక్క పాస్‌వర్డ్

ఒక సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానమన్న మాట ఈ వారం మళ్లీ చెవినపడింది. తెలంగాణ పోలీసులు ఏళ్లుగా చెబుతున్న నినాదమే ఇది. సిద్దిపేట కాలనీల్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ జనం చందాలు వేసుకుని మరీ కెమెరాలు పెట్టించుకున్నారు. రాజీవ్ రహదారి లాంటి రోడ్డు పక్కనున్న పట్టణంలో ఏ బండి ఎటు పోయిందో తెలియడం చిన్న విషయమేమీ కాదు. అందుకే నినాదంతో నాకు పేచీ లేదు, ఒకటికి వంద అన్న ఆ లెక్కతోనే ఉంది: పట్టించుకునే మనిషి లేకపోతే ఆ వంద సున్నాయే. కొన్నరోజు కొబ్బరికాయ కొట్టి మర్నాటి నుంచి మర్చిపోయే మన అలవాటు మీద ఈ కాలమ్‌లో ఎంత విసుక్కున్నానో పాత పాఠకులకు తెలుసు. బోర్లయ్యాయి, వీధి దీపాలయ్యాయి, మంచినీళ్ల ఫిల్టర్లయ్యాయి. ఈసారి ఇంటి కెమెరాల వంతు.

కెమెరా కొనేటప్పుడు మనం ఎన్ని మెగాపిక్సెళ్లు, రాత్రిపూట రంగుల్లో కనిపిస్తుందా అని అడుగుతాం. ఆ బొమ్మను ఎక్కడ దాచాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరికి చూపాలి అన్నవి తేల్చేది మాత్రం సాఫ్ట్‌వేర్, దాని గురించి అడగం. చిన్న లెక్క చూడండి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాత్రింబవళ్లు రికార్డు చేసే కెమెరాకు రోజుకు దాదాపు 22 జీబీ కావాలి. నాలుగు కెమెరాలు పెట్టి, రికార్డు చేసే డబ్బా అయిన డీవీఆర్‌లో 1 టీబీ డిస్కు వేస్తే పదకొండు రోజులు దాటగానే పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది పడుతుంది. పండక్కి తాళం వేసి పదిహేను రోజులు పిల్లల దగ్గరుండి వచ్చినవాళ్లకు మొదటి మూడు నాలుగు రోజుల రికార్డు దొరకదు. వందమంది గుమిగూడే దుకాణాలు, హాళ్లు 30 రోజుల దృశ్యాలు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఇళ్లకు ఆ నిబంధన లేదు, మన అవసరాన్ని మనమే లెక్కగట్టుకోవాలి. మనిషి కదిలినప్పుడే రికార్డు చేయమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే అదే డిస్కు చాలా ఎక్కువ రోజులు వస్తుంది. ఆ సెట్టింగు ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

దాచిన దృశ్యం పనికిరావడమన్నది ఇంకో మెట్టు. దొంగతనం జరగ్గానే డీవీఆర్ తెర ముందు ఫోను పట్టుకుని వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం మన పద్ధతి. దొంగను గుర్తుపట్టడానికి అది ఉపయోగపడొచ్చు, కోర్టులో మాత్రం నిలవడం కష్టం. ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ఇంకాస్త ముందుకెళ్లి, ఆ ఫైలు హాష్ విలువను కూడా ధ్రువపత్రంలో రాయమంటోంది. ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య అది. అంటే మూల ఫైలును చెడగొట్టకుండా పెన్‌డ్రైవ్‌లోకి తీసిచ్చే సాఫ్ట్‌వేరే సాఫ్ట్‌వేర్. డబ్బాలోని గడియారం సరిగా నడవడం కూడా అంతే ముఖ్యం. తేదీ తప్పిన రికార్డును చూడగానే అవతలి వకీలుకు ప్రాణం లేచొస్తుంది.

ఇక అసలు బెడద పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే వైరస్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌తోనే నడుస్తున్న కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో లొంగదీసుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టింది. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు బయటికొచ్చి అమ్మకానికి చేరాయి. 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు దాటిన సీసీ కెమెరాలనే అమ్మాలని కేంద్రం నిబంధన పెట్టింది, మంచిదే. కానీ బిగించిన కుర్రాడు తన ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, తనకు గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోతే ఏ పరీక్ష కాపాడుతుంది? తాళం కొని చెవి కొట్టువాడి దగ్గరే వదిలేసి వచ్చినట్టుంటుంది.

ఇంతవరకూ చదివినవాళ్లు నా తీర్పును ఊహించే ఉంటారు: కంపెనీల యాప్‌లు వదిలేసి సొంత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి అని. ఆ వాదనలో బలముంది. ఆన్‌విఫ్ ప్రమాణాన్ని పాటించే కెమెరా కొంటే అది ఒక కంపెనీకే కట్టుబడి ఉండదు. జోన్‌మైండర్, ఫ్రిగేట్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఫ్రిగేట్ అయితే వచ్చింది మనిషా కుక్కా అన్నది ఇంట్లోని కంప్యూటర్‌లోనే తేలుస్తుంది, బొమ్మ గడప దాటదు. అయినా సిద్దిపేటలో చాలా ఇళ్ల సంగతి గుర్తుచేసుకోండి. ఇంట్లో ఉండేది అమ్మానాన్న, కెమెరాను చూసేది హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న కొడుకూ కూతురూ. కరెంటు పోయొచ్చాక ఆ కంప్యూటర్‌ను మళ్లీ లేపేదెవరు? అప్‌డేట్లు ఎవరు వేస్తారు? దూరం నుంచి చూడటానికి రౌటర్‌లో అడ్డదిడ్డంగా దారి తెరిస్తే కంపెనీ యాప్‌కన్నా పెద్ద ప్రమాదం. పైగా దొంగ తెలివైనవాడైతే డబ్బానే ఎత్తుకుపోతాడు, బయటెక్కడో ఒక నకలుంటేనే మనకు మిగిలేది. కాబట్టి పట్టించుకునే మనిషి లేని సొంత సాఫ్ట్‌వేర్‌కన్నా, మన పేరు మీద ఖాతా తెరిచి, కొత్త పాస్‌వర్డ్, ఓటీపీ పెట్టుకున్న కంపెనీ యాప్ నయం. స్వావలంబన గురించి ఇన్నాళ్లూ రాసిన ఈ కాలమ్‌లో ఈ మాట రాయడం నాకు ఇబ్బందిగానే ఉంది.

మా ఇల్లు, మా కెమెరా, ఇంత ఆరా ఎందుకనేవాళ్లు ఉంటారు. గేటు మీది కెమెరా ఎదురింటి వాకిలినీ చూస్తుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఎప్పుడు బయటికి వెళ్లారో మన డిస్కులో నమోదవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. పక్కవాళ్ల కిటికీ ఉన్న భాగాన్ని నల్లగా కప్పేసే సౌకర్యం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది, దాన్ని వాడితే ఖర్చేమీ లేదు. నెలకోసారి పది నిమిషాలు కూర్చుని రికార్డు అవుతోందా, టైము సరిగ్గా ఉందా, ఖాతాలో ఎవరెవరి ఫోన్లున్నాయి అని చూసే మనిషి ఇంటికొకరు కావాలి. ఆ మనిషి దొరకని ఇంట్లో ఎనిమిది కెమెరాలు వద్దు. గేటు మీద ఒకటి, వెనక తలుపు మీద ఒకటి చాలు. మిగిలిన డబ్బు గట్టి తలుపుకూ మంచి తాళానికీ పెట్టండి.