వారం సంచి కట్టే చేతులు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లాంటి నీటి కటకట నేలలో 20 సెంట్ల చెక్కలో కూరగాయలు పండించి, వారం వారం ఇళ్లకు సంచి పంపడం ఎంత నేర్పున్న పనో! రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యంలో 'ఏటీఎం' (ఎనీ టైమ్ మనీ, అంటే ఎప్పుడంటే అప్పుడు డబ్బు) అని పిలిచేది ఇలాంటి చెక్కనే. అసలు పనితనమంతా విత్తడంలో ఉంది. తోటకూర ఒక్కసారే చల్లితే ఒక వారం విందు, మిగతా వారాలు పస్తు. అందుకే మడికీ మడికీ కొన్ని రోజుల ఎడం పెట్టి విత్తుతారు. ఒక మడిలో కూర పీకిన వెంటనే జీవామృతం పోసి మళ్లీ విత్తనం వేస్తారు. ఆ జీవామృతానికీ ఓపిక కావాలి: 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను కలిపి, రెండు రోజులు నీడన ఉంచి, పూటపూటా కర్రతో తిప్పాలి. ఇక కోత తెల్లవారకముందే. బెండకాయ కొన వంచితే పుటుక్కుమనాలి. సొరకాయ మీద నూగు చేతికి తగలాలి. ఆకుకూర కట్టల మీద తడి గోనె కప్పాలి. ఎండాకాలం సంచిలో దోసకాయ, గోంగూర; చలికాలంలో చిక్కుడు, వంకాయ. ఏది పండితే అదే వంట, ఆ రుచే వేరు. మీ దగ్గర ఇలాంటి రైతు ఉంటే నెల డబ్బు ముందే చేతిలో పెట్టండి, విత్తనాల వేళకు అక్కరకొస్తుంది.