వైనతేయ మీద ఒక లెక్క

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించే పాత అక్విడెక్టు పొడవు 2,248 అడుగులు. కమానులు 49, ఒక్కోటి 40 అడుగులు. కమానులకు 1,960 పోగా మిగిలేది 288 అడుగులు. మధ్యలో కాళ్లు 48 గనక తలా ఆరడుగులు. శేషం లేదు. అన్నీ ఒకే కొలత కాబట్టి ఒక కమానుకు చేసిన చెక్క చట్రం పక్కదానికీ పనికొస్తుంది, ఒకచోట చెయ్యి తిరిగిన మేస్త్రీ రెండోచోట తడుముకోడు. 1850ల మొదట్లో దీన్ని కట్టించిన లెఫ్టినెంట్ హెయిగ్ ఇంజినీరే కావచ్చు గానీ, ఈ కట్టడంలో నాకు ముందు కనబడేది ఖర్చు తెలిసిన మనిషి.

మేనేజ్‌మెంటు కాలేజీల్లో కార్పొరేట్ ఫైనాన్స్ మొదటి సెమిస్టర్‌లోనే ఒక సూత్రం చెబుతారు. ఇదివరకే పెట్టేసిన డబ్బును కొత్త నిర్ణయంలోకి తేకూడదు. ఇప్పుడు అదనంగా పెట్టేదెంత, దానివల్ల అదనంగా వచ్చేదెంత, అంతే చూడాలి. వినడానికి తేలిక. పరీక్షలో సగం మంది ఇక్కడే తప్పుతారు. వాళ్లకు గన్నవరం చూపించాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా అయింది. బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువకు నీళ్లందుతున్నాయి. ఇక గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ నడుమ రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ఉన్న గడ్డ మిగిలింది. దానికి మళ్లీ ఆనకట్ట అక్కర్లేదు. కాలువను ఒక్క పాయ దాటిస్తే చాలు. నది మీద నది పారించడం అనగానే దుబారా అనిపిస్తుంది. కానీ ఆనకట్టకైన ఖర్చంతా అప్పటికే ఏట్లో ఉంది. ఈ కమానుల ఖర్చుకు ఎదురుగా నిలిచింది ఒక దీవి మొత్తం మాగాణి శిస్తు.

అసలు పనితనం అంతకుముందే, ఆ ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ 1844, 45లలో రాసిన నివేదికల్లో ఉంది. కరువుల దెబ్బకు రాజమండ్రి జిల్లాలో 1821కీ 1841కీ మధ్య జనం తగ్గారు, శిస్తు పడిపోయింది. కాటన్ ఊహల జోలికి పోలేదు. తాను అప్పటికే కొల్లడం మీద ఆనకట్టలు కట్టిన తంజావూరును పక్కన పెట్టి చూపించాడు. అక్కడ చిన్న నది, పెద్ద రాబడి. ఇక్కడ పెద్ద నది, చిన్న రాబడి. పోలిక సరిగ్గా కుదిరితే సగం వాదన అయిపోయినట్టే. ఆనకట్టకు ఆయన వేసిన అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. 1846 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకున్నారు.

అంత చౌక ఎలా అన్నదానికి జవాబు పునాదిలో ఉంది. గోదావరి అడుగున ఇసుక, రాయి ఎక్కడుందో తెలియదు. రాయి దొరికేదాకా తవ్వాలంటే ఆ ప్రతిపాదన కాగితం మీదే చచ్చేది. కావేరి మీది కల్లణై ఆనకట్ట కట్టిన పాతకాలపు వాళ్ల దగ్గర కాటన్ నేర్చుకున్నది ఇదే: ఇసుక మీదే బరువైన రాళ్లు పోసి నిలబెట్టడం, కుంగినచోట మళ్లీ పోయడం. మొదటి పెట్టుబడి తగ్గించి, మరమ్మతును ఏటా ఖర్చుగా ఒప్పుకోవడమన్నమాట. ఆరుగురు ఇంజినీర్లు, ఎనిమిది మంది శిక్షణ కుర్రాళ్లు, రెండు వేల మంది తాపీ పనివాళ్లు కావాలని అడిగితే దక్కింది అందులో చిన్న వాటా. అంచనా కూడా నిలవలేదు, ఖర్చు దాన్ని బాగా దాటింది. అయినా పథకం గెలిచిందంటే రాబడి వైపు అంత వెసులుబాటు ఉందన్నమాట. పైగా ఆ కాలువల్లో లాకులు పెట్టి పడవలు నడిపారు. ఒకే నీటికి రెండు ఆదాయాలు.

ఇంత మెచ్చుకున్నాక కర్నూలు మాట దాటేస్తే మోసమే. ఆ కాటన్ ఆలోచనే తుంగభద్ర మీదికి వెళ్లి, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అయింది. పది లక్షల పౌండ్ల మూలధనం, వాటాదారులకు 5 శాతం ప్రభుత్వ హామీ. కర్నూలు-కడప కాలువ తవ్వారు. నల్లరేగడిలో వర్షాధారంగా జొన్న పండించుకునే రైతు నీళ్లు కొనడానికి రాలేదు. గోదావరిలో పెట్టుబడి పెట్టినవాడూ శిస్తు వసూలు చేసేవాడూ ఒకడే. ఇక్కడ కంపెనీ నీళ్లమ్ముకుంటేనే డబ్బు. హామీ ఉన్నాక ఖర్చు మీద కాపలా ఎవరికి కావాలి? 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. ఏ బిజినెస్ స్కూలైనా ఈ రెండింటినీ ఒకే రోజు పాఠంగా చెప్పాలని నా పట్టుదల.

ఇంకో చిక్కు. పది శాతం వడ్డీ లెక్కన, యాభై ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయల విలువ నేడు 85 పైసలు. నూరేళ్ల తర్వాతదైతే ఒక్క పైసా కూడా లేదు. గన్నవరం కమానులు దాదాపు నూటయాభై ఏళ్లు నీళ్లు మోశాయి. 2000లో పక్కన కొత్త అక్విడెక్టు వచ్చి, ఆ ప్రాంతపు అన్నదాత దొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. ఆ నూటయాభైలో చివరి నూరేళ్లకు ఏ వాణిజ్య లెక్కలోనూ విలువ కనబడదు. డైరెక్టర్లు ఒప్పుకున్నది మొదటి కొద్ది ఏళ్ల శిస్తు చూసే అయ్యుండాలి.